వయస్సెఱుగని మైత్రి

వియ్యమునకైనను కయ్యమునకైనను సమానత కావలెనని మన పెద్దలు చెప్పుదురు. లోకులు సాధారణముగా మైత్రికిని ఈ సూత్రమునే అన్వయింతురు. బాలుడు బాలునితో ఆడుకొనును. వృద్ధుడు వృద్ధునితో అరుగుపై కూర్చుండి ముచ్చటించును. పదునాఱేండ్ల కుఱ్ఱవాడు తనకంటె చాల పెద్దవాడైన వానితో చెలిమి చేసినచో చూచువారు వింతపడుదురు. “వీనికి ఆయనతో నేమి పని?” యని ఒకరు, “ఆయనకు వీనితో నేమి లాభము?” అని వేఱొకరు ప్రశ్నింతురు. ఐనను అట్టి చెలిమి యొక్కొక్కప్పుడు ఒక జీవితమునకు మార్గమగును. ఒక కళకు వెలుగగును. తెలుగు చలనచిత్ర రంగమున ఒకే బాలుని జీవితములో అట్టి చెలిమి రెండు మాఱులు సంభవించినది. ఆ బాలుడే పిమ్మట నటసామ్రాట్టని ప్రసిద్ధి గాంచిన అక్కినేని నాగేశ్వరరావు.

హైదరాబాదు నగరమున జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అను ప్రాంతములు నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. నిర్మాతల కార్యాలయములు, ధ్వనిముద్రణశాలలు, నటీనటుల గృహములు అచ్చట విశేషముగా కలవు. తెలుగు ఫిలిం ఛాంబరు, రామానాయుడు స్టూడియో ఫిలింనగరుననే యున్నవి. కొండలకు దిగువన కృష్ణానగరమను పేట కలదు. చిత్రములలో చిన్న చిన్న వేషములు వేయువారు, దీపములు మోయువారు, ముఖమునకు రంగులు దిద్దువారు అచ్చట అద్దె యిండ్లలో నివసింతురు. ఏటేట పల్లెల నుండి ఎందఱో యువకులు భుజమున ఒక సంచి తగిలించుకొని ఆ పేటకు వచ్చుచుందురు. వారి కన్నులలో కలలుండును. కాని ఆ మహానగరమున వారి నెఱిగినవా రొక్కరు నుండరు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టునకు చేరువన, బంజారాహిల్స్ అంచున, అన్నపూర్ణా స్టూడియో కలదు. దాని ఆవరణమున 2023వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన నాగేశ్వరరావుగారి విగ్రహము ఆవిష్కరింపబడెను. ఆ దినమున ఆయన శతజయంతి సంవత్సరము ప్రారంభమయ్యెను. ఆ విశాలమైన కట్టడములను, ఆ నిలువెత్తు విగ్రహమును చూచువారికి ఒక సంగతి స్ఫురింపకపోవచ్చును. ఆయనయు ఒకప్పుడు కృష్ణానగరమునకు వచ్చు యువకులవలె ధనబలము, విద్యాబలము లేని పల్లెటూరి కుఱ్ఱవాడే.

నాగేశ్వరరావు 1924వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన కృష్ణా జిల్లాలో, గుడివాడకు సమీపముననున్న రామాపురమున జన్మించెను. తల్లి పున్నమ్మ, తండ్రి వెంకటరత్నము. వారిది సామాన్య కర్షక కుటుంబము. ఐదుగురు అన్నదమ్ములలో నాగేశ్వరరావు కడపటివాడు. పేదఱికమువలన అతని చదువు ప్రాథమిక పాఠశాలతోనే ముగిసెను. కాని అతనికి నాటకములన్న ప్రాణము. తల్లి ఆ యభిరుచిని కాదనక ప్రోత్సహించెను. పదేండ్ల ప్రాయముననే అతడు రంగస్థల మెక్కెను.

ఆ కాలమున స్త్రీలు నాటకములలో పాల్గొనుట అరుదు. లోకము దానిని మెచ్చకుండెను. అందువలన కోమలమైన రూపము, సన్నని కంఠము గల బాలురే స్త్రీ పాత్రలను ధరించుచుండిరి. నాగేశ్వరరావు అట్టి పాత్రలలో రాణించెను. హరిశ్చంద్ర, కనకతార, విప్రనారాయణ మొదలగు నాటకములు అతనికి పేరు తెచ్చినవి. ప్రేక్షకులు మెచ్చుకొనుచుండిరి. కాని ఆ మెప్పు ఎన్నాళ్ళు నిలుచును? మీసములు మొలచి, గొంతు బొంగురువోయిన నాడు స్త్రీ పాత్రధారి గతి యేమి? చదువు లేదు, విశేషమైన ఆస్తి లేదు. నాటకమే జీవితమనుకొనిన కుఱ్ఱవానికి కౌమారము దాటిన పిమ్మట దారి కనబడుట కష్టము. ఆ రోజులలో ఎందఱో బాలనటులు ఆ యగాధముననే కనుమఱుగైరి.

అట్టి తరుణమున అతనికి లభించిన మొదటి పెద్దదిక్కు దుక్కిపాటి మధుసూదనరావుగారు. ఆయన 1917వ సంవత్సరము జూలై 27వ తేదీన కృష్ణా జిల్లాలోని పెయ్యేరు గ్రామమున జన్మించిరి. కళాశాల విద్య నభ్యసించినవారు. సాహిత్యమునందు అభిరుచి కలవారు. గుడివాడలో ఎక్సెల్షియర్ నాటక సమాజమును నడుపుచు నటులకు శిక్షణ నిచ్చుచుండిరి. ఆయన కంట ఈ బాలుడు పడెను. ఆయన అతనిని తమ సమాజమున చేర్చుకొనిరి.

వారిద్దఱి నడుమ వయస్సున ఏడేండ్ల వ్యత్యాసము కలదు. నడివయస్సు దాటిన పిమ్మట ఏడేండ్లు లెక్కకు రావు. కాని కౌమారమున నది పెద్ద అగడ్త. పదునైదేండ్ల బాలునకు ఇరువదిరెండేండ్ల విద్యావంతుడు మఱియొక లోకమువాడుగా తోచును. దానికితోడు ఒకరు కళాశాలలో చదివినవారు. వేఱొకడు ప్రాథమిక పాఠశాలను దాటనివాడు. ఒకరు సమాజమును నడుపువారు. వేఱొకడు ఆ సమాజమున వేషము వేయువాడు. ఇట్టి యిద్దఱు యజమాని, సేవకుల వలె నుండిపోవుట సులభము. కాని వారట్లుండలేదు. మధుసూదనరావుగారు ఆ బాలుని కేవలము ఒక వేషధారిగా చూడలేదు. అతనిలో దాగియున్న నటుని గుర్తించి, శిక్షణ నిచ్చి, ముందునకు నడిపించిరి. ఆ బాలుడు తన చదువు కొఱతకు సిగ్గుపడి దూరముగా తొలగలేదు. చదువుకొనినవారి చెంత చేరి, విని, నేర్చుకొనెను. ఆ మైత్రికి పునాది యిదియే.

1941వ సంవత్సరమున విడుదలయైన ‘ధర్మపత్ని’ చిత్రమున నాగేశ్వరరావుకు ఒక చిన్న వేషము లభించెను. దానివలన ప్రయోజన మేమియు కలుగలేదు. అతడు మఱల నాటకములకే తిరిగివచ్చెను.

రెండవ పెద్దదిక్కు అతనికి విజయవాడ రైల్వే స్టేషనులో దొరికెను. ఆ పెద్దమనిషి పేరు ఘంటసాల బలరామయ్యగారు. ఆయన 1906వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలోని పొట్టేపాళెమున జన్మించిరి. తామును మొదట రంగస్థల నటులే. పిమ్మట మదరాసు చేరి, ‘ప్రతిభా’ సంస్థను స్థాపించి, చిత్రములు నిర్మించుచు దర్శకత్వము వహించుచుండిరి. అప్పుడాయన ‘శ్రీ సీతారామ జననము’ అను చిత్రము తీయ సంకల్పించియుండిరి. శ్రీరాముని పాత్రకు తగిన యువకుడు కావలసియుండెను. స్టేషనులో ప్రయాణికుల నడుమ నున్న నాగేశ్వరరావు ముఖవర్చస్సు ఆయన దృష్టి నాకర్షించెను. ఆయన అతనిని పిలిచి వివరములడిగి మదరాసునకు రప్పించిరి. అప్పటికి నాగేశ్వరరావుకు ఇరువదియేండ్లు నిండలేదు. బలరామయ్యగారి వయస్సు ముప్పదియెనిమిదికి చేరువ. వయస్సున తండ్రివంటివారు.

ఇచ్చట ఒక విషయము ఆలోచింపదగినది. రంగస్థలమున స్త్రీ పాత్రలు ధరించి పేరొందిన కుఱ్ఱవానిని శ్రీరాముని పాత్రకు ఎన్నుకొనుట సామాన్యమైన సాహసము కాదు. చిత్రనిర్మాణమునకు ధనము కావలెను. నాయక పాత్రధారి విఫలుడైనచో నిర్మాత నష్టపడును. మదరాసున పేరొందిన నటులకు కొఱత లేదు. ఐనను బలరామయ్యగారు ఆ కుఱ్ఱవానిలో నేటి రూపమును కాక రేపటి రూపమును చూచిరి. 1944వ సంవత్సరమున ఆ చిత్రము విడుదలయ్యెను. నాగేశ్వరరావు వెండితెరపై కథానాయకుడయ్యెను.

బలరామయ్యగారి ఆదరము ఒక్క చిత్రముతో ముగియలేదు. ‘ముగ్గురు మరాటీలు’ (1946), ‘బాలరాజు’ (1948), ‘శ్రీ లక్ష్మమ్మ కథ’ (1950), ‘స్వప్నసుందరి’ (1950) అను చిత్రములలో ఆయన నాగేశ్వరరావుకే అవకాశములిచ్చిరి. వీనిలో ‘బాలరాజు’ అఖండ విజయము సాధించెను. ఆ చిత్రమున గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు నాగేశ్వరరావునకు గాత్రమొసగెను. ఆ గాత్రము, ఆ నటన అటుపిమ్మట అనేక సంవత్సరములు కలిసి నడచినవి.

1953వ సంవత్సరమున ‘దేవదాసు’ విడుదలయై నాగేశ్వరరావు కీర్తి దక్షిణ దేశమంతట వ్యాపించెను. ఆ సంవత్సరముననే బలరామయ్యగారు స్వర్గస్థులైరి. అప్పటికి ఆయన వయస్సు నలువదియేడు సంవత్సరములు మాత్రమే. తాము నాటిన మొక్క వృక్షమగుట ఆయన చూచిరి. దాని నీడలో చిరకాలము విశ్రమించు భాగ్యము మాత్రము ఆయనకు లేకపోయెను. నేడు ప్రసిద్ధ సంగీత దర్శకుడైన తమన్ ఆయన మనుమడే. ఫిలింనగరు చిత్రములలో ఆ కుటుంబపు కళ ఇప్పటికిని వినబడుచున్నది.

ఇక మధుసూదనరావుగారి చెలిమి సంగతి. మైత్రికి నిజమైన పరీక్ష కష్టకాలమున వచ్చునని అందురు. కాని పెద్దవానికిని చిన్నవానికిని నడుమ గల మైత్రికి మఱియొక పరీక్షయు కలదు. అది చిన్నవాడు పెద్దవానిని మించిపోయిన నాడు వచ్చును. ఒకనాడు చేయి పట్టి నడిపించినవారు వెనుకను, నడిచినవాడు ముందును నిలుచునప్పుడు పెద్దవాని మనస్సులో అసూయ మొలకెత్తవచ్చును. చిన్నవాని మనస్సులో గర్వము పుట్టవచ్చును. ఈ రెండింటిలో ఏ యొక్కటి కలిగినను చెలిమి నిలువదు.

ఆ పరీక్ష వారికి 1951వ సంవత్సరమున ఎదురయ్యెను. అప్పటికి నాగేశ్వరరావు ప్రజాదరణ పొందిన నటుడు. మధుసూదనరావుగారి పేరు సామాన్య ప్రేక్షకులకు తెలియదు. ఆ సంవత్సరమున మిత్రులు కలిసి ఒక చిత్రనిర్మాణ సంస్థను స్థాపించిరి. నాగేశ్వరరావు దానికి అధ్యక్షుడు. మధుసూదనరావుగారు నిర్వహణ బాధ్యత వహించిరి. సంస్థకు ఏ పేరు పెట్టవలెనను ప్రశ్న సహజముగా పుట్టును. ప్రసిద్ధుడైన నటుని పేరు పెట్టినచో ప్రచారము సులభమగును. కాని వారు ‘అన్నపూర్ణా పిక్చర్స్’ అని పేరు పెట్టిరి.

అన్నపూర్ణ యెవరు? నాగేశ్వరరావుగారి భార్య పేరును అన్నపూర్ణయే యగుటచే, ఆమె పేరనే సంస్థ వెలసినదని అనేకులు తలంతురు. అది సరికాదు. మధుసూదనరావుగారు కన్నతల్లిని కోల్పోగా, అన్నపూర్ణ యను సవతి తల్లి ఆయనను పెంచి పెద్దచేసెను. సవతి తల్లి యనగానే మన కథలలో కఠినురాలే కనబడును. కాని ఈ తల్లి తాను కనని బిడ్డను కన్నబిడ్డవలె సాకెను. ఆ ఋణమును తీర్చుకొనుటకై ఆయన ఆమె పేరును సంస్థకు పెట్టిరి. తన కీర్తి ఉచ్చదశకు చేరుచున్న వేళ నాగేశ్వరరావు తన పేరును ముందుంచక, మిత్రుని తల్లి పేరు క్రింద నిలిచెను. గర్వమున్నచోట ఇట్టి పని జరుగదు. ఆ పేరులోనే ఆ మైత్రి యొక్క స్వరూపము కనబడుచున్నది.

సంస్థను స్థాపించిన వెంటనే చిత్రము తీయలేదు. మొదటి చిత్రమునకు కె. వి. రెడ్డిగారే దర్శకులు కావలెనని వారి కోరిక. ఆయన అప్పుడు ఇతర చిత్రములలో నిమగ్నులైయుండిరి. త్వరపడి వేఱొకరితో పని కానిచ్చుకొనక మిత్రులు ఓర్పుతో వేచియుండిరి. నాలుగేండ్లకు, 1955వ సంవత్సరమున, ‘దొంగరాముడు’ వెలువడి జనరంజకమయ్యెను. అటుపిమ్మట ‘తోడికోడళ్ళు’ (1957), ‘మాంగల్యబలం’ (1959), ‘వెలుగునీడలు’ (1961), ‘ఇద్దరు మిత్రులు’ (1961), ‘చదువుకున్న అమ్మాయిలు’ (1963) మొదలగు చిత్రములు వచ్చినవి. ‘తోడికోడళ్ళు’ చిత్రమునకు వంగ రచయిత శరత్ బాబు కథ ఆధారము. కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారముగా తీసిన ‘డాక్టర్ చక్రవర్తి’ 1964వ సంవత్సరమునకు ఉత్తమ చిత్రముగా నంది బహుమతి నందెను. మంచి కథను వెదకుట మధుసూదనరావుగారి పని. దానికి ప్రాణము పోయుట నాగేశ్వరరావుగారి పని. ఒకరి పనిని వేఱొకరు తక్కువగా తలంపలేదు.

మధుసూదనరావుగారు తాము ఒక బాలునకు చేసిన మేలుతో తృప్తిపడక, మఱికొందఱికిని దారి చూపిరి. ధ్వనిముద్రణ శాఖలో పనిచేసి, పిమ్మట సహాయ దర్శకుడైన కె. విశ్వనాథ్‌ను 1966వ సంవత్సరమున ‘ఆత్మగౌరవం’ చిత్రముతో దర్శకునిగా పరిచయము చేసినది అన్నపూర్ణా సంస్థయే. తరువాతి కాలమున ‘శంకరాభరణం’ తీసి ఖ్యాతి పొందిన దర్శకుడాయనయే.

ఆ కాలమున తెలుగు చిత్రములు మదరాసుననే తయారగుచుండెను. తెలుగు చిత్రములు తెలుగు గడ్డపైననే నిర్మింపబడవలెనని నాగేశ్వరరావుగారి ఆశయము. 1960 తరువాతి సంవత్సరములలో ఆయన హైదరాబాదునకు తరలివచ్చిరి. అచ్చట వసతులు స్వల్పము. అనేకులు ఇది సాహసమనిరి. ఆయన వెనుదీయలేదు. బంజారాహిల్స్ ప్రాంతమున రాళ్ళు రప్పలతో నిండిన ఇరువదిరెండు ఎకరముల నేలను చదును చేయించి స్టూడియో నిర్మింపసాగిరి. 1976వ సంవత్సరము జనవరి మాసమున అది ప్రారంభమయ్యెను. దానికి ఆయన తమ భార్య పేర ‘అన్నపూర్ణా స్టూడియో’ అని నామకరణము చేసిరి. ఇట్లు ఒకే పేరు రెండు సంస్థలకు వచ్చెను. ఒకటి మిత్రుని తల్లి పేరు. రెండవది తన గృహలక్ష్మి పేరు.

నాగేశ్వరరావుగారికి 1990వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించెను. 1993వ సంవత్సరమునకు మధుసూదనరావుగారికి రఘుపతి వెంకయ్య పురస్కారము లభించెను. మధుసూదనరావుగారు 2006వ సంవత్సరము మార్చి 26వ తేదీన కన్నుమూసిరి. నాగేశ్వరరావుగారు కడవఱకు నటించుచునే యుండి, 2014వ సంవత్సరము జనవరి 22వ తేదీన పరమపదించిరి. ఆయన నటించిన కడపటి చిత్రము ‘మనం’ ఆ సంవత్సరముననే విడుదలయ్యెను. ఆయన అంత్యక్రియలు తాము నిర్మించిన స్టూడియో ఆవరణముననే జరిగినవి.

చదువు లేదన్న కొఱత ఆయన మనస్సున ఎల్లప్పుడు నుండెను. అందువలననే గుడివాడలోని కళాశాలకు ఆయన విరాళమొసగిరి. అది నేడు ఆయన పేరనే నడచుచున్నది. 2011వ సంవత్సరమున ఆయన కుటుంబము అన్నపూర్ణా స్టూడియోలో చలనచిత్ర విద్యను బోధించు కళాశాలను స్థాపించెను. ప్రాథమిక పాఠశాలతో చదువు చాలించిన బాలుడు కట్టిన ఆవరణమున నేడు యువతీయువకులు పెద్దల చెంత కూర్చుండి కథారచన, ఛాయాగ్రహణము, నటన నేర్చుకొనుచున్నారు.

ఈ కథనుండి మనము నేర్వవలసినదేమి? సినిమాలలో చేరవలెనని కాదు. కృష్ణానగరమునకు వచ్చు యువకులకు పెద్దలమని చెప్పుకొనువారు నేడును ఎదురగుదురు. వారిలో మంచివారు కలరు. వేషమిప్పింతుమని ఆశపెట్టి ధనము కాజేయువారును కలరు. ఈ యిద్దఱిని వేఱుపఱచి చూచుట ఎట్లు? నిజమైన పెద్ద తనకేమి లభించునని లెక్కింపడు. పని చూపును, తప్పు దిద్దును, ఓర్పు నేర్పును. అతని చెలిమిలో తల్లిదండ్రులకు తెలియకుండ దాచవలసిన దేదియు నుండదు. మోసగాడు పొగడ్తతో ప్రారంభించి సంచి బరువును చూచును. బలరామయ్యగారు, మధుసూదనరావుగారు ఒక కుఱ్ఱవానికి పొగడ్తలు కాదు, పనిని, శిక్షణను ఇచ్చిరి.

చిన్నవానికిని ఒక ధర్మము కలదు. పెద్దలు చూపిన దారిని నడచి శిఖరము నెక్కిన పిమ్మట వెనుకకు తిరిగి చూడవలెను. చేయందించినవారి ఋణము ధనముతో తీరదు. వారిని మఱువకుండుటవలనను, వారు చేసిన మేలును మఱియొకనికి చేయుటవలనను తీరును. మన వీధిలోను, మన పాఠశాలలోను, మన తాతల యరుగులపైనను మనలను గుర్తింపగల పెద్దలుందురు. వారిచెంతకు వెళ్ళి రెండు మాటలు వినుటకు వయస్సు అడ్డు కారాదు.

అభ్యాసము

1. కౌమారము దాటిన స్త్రీ పాత్రధారి బాలునకు ఎట్టి కష్టములు కలుగునని ఈ పాఠమున చెప్పబడినది?

2. మధుసూదనరావుగారికిని నాగేశ్వరరావునకును నడుమ గల వ్యత్యాసము లెవ్వి? వారి మైత్రికి పునాది యేది?

3. నాగేశ్వరరావును శ్రీరాముని పాత్రకు ఎన్నుకొనుట బలరామయ్యగారికి ఏల సాహసము?

4. ‘అన్నపూర్ణ’ యను పేరు రెండు సంస్థలకు ఎట్లు వచ్చినది? మొదటి సంస్థ పేరు వలన నాగేశ్వరరావుగారి స్వభావమును గూర్చి ఏమి తెలియుచున్నది?

5. నిజమైన పెద్దకును మోసగానికిని గల భేదమును మీ మాటలలో వ్రాయుడు.

6. మీకంటె చాల పెద్దవారైన ఒకరితో మీకుగల చెలిమిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.